ఓడచిట్టాలును మన వంశాభిమానమును

గత మాఘమాసమున దక్షిణాఫ్రికాలోని నటాలు సీమనుండి దంపతు లిద్దఱు కోదాడకు వచ్చిరి. ఇరువురును అఱువదియేండ్లు దాటినవారు. తెలుగు మాటలాడ నేరరు. కాని భోజనమునకు గూర్చుండినప్పుడు పప్పును పప్పనియు, పులుసును పులుసనియు అనిరి. వారియొద్ద నొక కాగితము గలదు. అది నూఱేండ్లకు పైబడిన ఓడచిట్టాలోని యొక్క వరుసకు నకలు. పాత యింగ్లీషు వ్రాతలోని యూళ్ల పేర్లను పోల్చుకొనగలవా రెవరైన నున్నారా యని వారు విచారింపగా, బడిపంతులము గనుక మమ్ము బిలిపించిరి.

వారు వెదకుచున్న గ్రామమిదియే కావచ్చునని తోచిన యొక యూరికి వారితో గూడ బోతిమి. రచ్చకట్టయొద్ద పెద్దలు నలుగురు చేరిరి. "ఇంటిపే రేమి?" అని మొదటి ప్రశ్న. వారికి ఇంటిపేరు లేదు. తమ పేరుల చివర నాయుడను మాట యుండునని చెప్పిరి. వెంటనే కుర్చీలు వచ్చినవి, కొబ్బరిబొండములు వచ్చినవి. అంతలో నొక యువకుడు ఆ నకలును చేతికి దీసికొని, వరుస వెంబడి చదువుచు, కులమను గడిలోని మాటను బయటికి జదివెను. ఆ మాట "మాల". ఎవ్వరు నేమియు ననలేదు. ఎవ్వరును వారిని లెమ్మనలేదు, కుర్చీలను లాగికొనలేదు, మన కాలపు మర్యాద యట్టిది. పెద్దల కొక్కొక్కరికే పొలము పని జ్ఞప్తికి వచ్చినది. పావుగంటలో అచ్చట మేము మువ్వురమే మిగిలితిమి. దూరమున నిలిచి చూచుచుండిన యొక ముసలమ్మ అప్పుడు దగ్గఱకు వచ్చి, "మా వాడకట్టు దిక్కు పోయి అడుగరాదె సారూ" అనెను.

ఈ వ్యాసము ఆ పెద్దలకొఱకు వ్రాయుట లేదు. వారు మన పత్రికను జదువరు. చదువుకొన్నవారమని, సంస్కారము గలవారమని చెప్పుకొను మనకొఱకే వ్రాయుచున్నాము. ఏలయన, ఆ కాగితము మా చేతికి వచ్చినప్పుడు మేమును తొలుత జూచినది కులపు గడినే.

ఆంగ్లేయ సామ్రాజ్యమున బానిసత్వమును రద్దుచేసిన శాసనము 1834లో అమలునకు వచ్చెను. చెఱకుతోటల యజమానులకు పనివారు కావలసి వచ్చిరి. ఆ సంవత్సరమే అట్లాస్ అను ఓడ కలకత్తానుండి మారిషసునకు మనదేశపు కూలీలను జేర్చెను. అది మొదలు ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ల వఱకు ఆ చిన్నదీవికే సుమారు 4,50,000 మంది పోయిరి. నటాలునకు బోయిన తొలియోడ పేరు ట్రూరో. అది 1860 అక్టోబరులో చెన్నపట్టణము విడిచి, నవంబరు 16వ తేదీన 342 మందితో డర్బను చేరెను. 1911లో ఆ వలస నిలిచిపోవునప్పటికి 1,52,000 మందికి పైగా అచ్చట దిగిరి. వారిలో దాదాపు మూడింట రెండు వంతులు చెన్నపట్టణపు రేవున నెక్కినవారు, అనగా అరవలును మన తెలుగువారును. ఫిజీ దీవులకు 1879లో లియొనిదాస్ అను ఓడతో ఆరంభమై, 1903లో మన దక్షిణదేశపు వంతు వచ్చి, 1916 నాటికి మొత్తము 60,000 మందికి పైగా చేరిరి. ఇదంతయు ఒడంబడిక కూలి. ఇంగ్లీషులోని 'అగ్రిమెంటు' అను మాట వారి నోట గిర్మిటు అయినది. వారు గిర్మిటీయు లైరి. నటాలులో సాధారణముగ నైదేండ్ల కట్టుబాటు. మొదటి యేట నెలకు పది షిల్లింగులు, ఆపై ఏటేట ఒక్కొక్క షిల్లింగు హెచ్చు. గడువు తీరినపిమ్మట స్వతంత్రముగ నిలువదలచినవారిపై 1895లో మూడు పౌనుల తలపన్ను విధించిరి. అది 1914లో గాని తొలగలేదు.

ఎక్కిన ప్రతివానికిని చిట్టాలో నొక వరుస గలదు. సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, ఆడ మగ, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముమీది గుర్తులు. నటాలు చిట్టాలలో నతడు ఏ యజమానికి జేరెనో అదియును గలదు. ఫిజీకి బోయినవారికి ఒక్కొక్కరికి ప్రత్యేకముగ నొక రహదారి చీటియే యుండెడిది. అవి నేటికిని ఆ దేశపు పురాలేఖనాలయమున నున్నవి. మారిషసు పత్రములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో నున్నవి. కొంతకాలపువారికి ఛాయాచిత్రములు సైతము గలవు. వారు దిగిన మెట్లున్న పోర్టులూయీ నగరపు రేవును, అప్రవాసీ ఘాటును, 2006లో ప్రపంచ వారసత్వస్థలముగ గుర్తించిరి. నటాలు చిట్టాలనుబట్టి సురేంద్ర భానా గారు 1991లో నొక గ్రంథమే ప్రకటించిరి.

ఈ చిట్టాను ఎవరును వంశచరిత్రకొఱకు వ్రాయలేదు. కూలి పారిపోయినయెడల పట్టుకొనుటకును, చచ్చినయెడల లెక్క కొట్టివేయుటకును వ్రాసిరి. ఎడమ మోకాలిపై మచ్చ, కుడి చెంపపై పుట్టుమచ్చ, నుదుట గాయపు గీత అని వ్రాయుటలో దయ యేమియు లేదు. ఐనను ఆ దయలేని వ్రాతయే నేడు మునిమనుమలకు మిగిలిన పెన్నిధి యైనది. మాతో వచ్చిన ఆ పెద్దమనిషి తన ముత్తాత ముఖము నెఱుగడు. ఆయన కాలిమీద మచ్చ యున్నదని మాత్ర మెఱుగును. కారులో గూర్చుండి ఆ మాట మాతో మూడుమార్లు చెప్పెను.

ఇంతకును మనవా రడుగు ప్రశ్నలకు ఆ చిట్టా జవాబు చెప్పదు. ఇంటిపే రను గడి దానిలో లేదు. తెలుగువానికి ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. ఇంగ్లీషు గుమాస్తాకు ఆ వరుసయే తెలియదు. అతడు ఒక్క పేరు వ్రాసికొని, పక్కన తండ్రిపేరు వ్రాసెను. ఆ తండ్రిపేరో, తాతపేరో, లేక నాయుడు, రెడ్డి, చెట్టి వంటి గౌరవపదమో కాలక్రమమున కుటుంబనామమై నిలిచెను. కావున నటాలునుండి వచ్చిన నాయుడుగారిని జూచి మన నాయుడని యెగిరి కౌగిలించుకొనుటయు తెలివితక్కువయే. చిట్టా చదివిన వెనుక ముఖము త్రిప్పుకొనుట తెలివితక్కువతనము మాత్రమే కాదు.

కులపు గడి సంగతి మఱింత విచిత్రము. తెలుగువారిని జెంటూలని పిలుచు పాత యలవాటు చొప్పున కొన్నిచోట్ల ఆ గడిలో జెంటూ అనియే వ్రాసి యూరకుండిరి. మఱికొన్నిచోట్ల కూలీలు దళారి చెప్పుమన్నది చెప్పిరి. వ్యవసాయము చేయగల కులములైన చాలు, బ్రాహ్మణులు వలదు అని తోటలవా రనుచుండగా, పైకులమువాడు క్రిందికులము చెప్పుకొనుటయు గలదు. ఇంటినుండి తప్పించుకొని వచ్చినవాడు పేరునే మార్చి చెప్పెను. చిట్టాలో నన్నిటికంటె నమ్మదగనిది కులము. నమ్మదగినది గాయపు మచ్చ. మన పెద్దలు నమ్మినది మొదటిదానిని.

ఊరిపేరును బట్టుకొనుట శ్రమతో గూడిన పని. కాని అసాధ్యము కాదు. ఆనాటి వ్రాతలో విశాఖపట్టణము వైజాగపటము, శ్రీకాకుళము చికకోలు, కాకినాడ కొకనాడ, కృష్ణ కిస్ట్నా. వీనిని నేర్చుకొనుటకు ఒక సాయంకాలము చాలును. జిల్లాల సరిహద్దులతోనే చిక్కు. గుంటూరు జిల్లా 1904లో నేర్పడినది. అంతకు ముందటి చిట్టాలో గుంటూరివాడు కిస్ట్నావాడే. చిత్తూరు జిల్లా 1911లో గాని లేదు. అచ్చటివాని జాడను ఉత్తరార్కాటులో వెదకవలెను. ఆనాటి గంజాము జిల్లాలో నధికభాగము 1936లో ఓఢ్రరాష్ట్రములో జేరెను. కొత్తపల్లి, కొత్తపేట, రామాపురము అను నూళ్లు లేని తాలూకా తెలుగుదేశమున నున్నదా? తాలూకా పేరు చెరిగిపోయినచో ఇక మనుష్యుల పేర్లే శరణ్యము. నూకాలు, నూకయ్య అనిన అనకాపల్లి దిక్కునకు మనస్సు పోవును, సింహాచలమనిన విశాఖ, కోటయ్య యనిన కోటప్పకొండ ఛాయ, యాదగిరి, లింగయ్య అనిన మా నల్లగొండ సీమ, గుట్టమీది నరసింహుడు, దురాజుపల్లి పెద్దగట్టు లింగమంతులస్వామి. పేరు రుజువు కాదు. కాని తండ్రిపేరు కలిసి, ఊరు కలిసి, ఊరి దేవతపేరు కలిసినచో, నాలుగూళ్లలో మూటిని విడిచిపెట్టవచ్చును.

"ఇది సముద్రతీరపువారి గొడవ, నిజాము రాజ్యములో నుండిన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెములకు దీనితో నేమి పని?" అని మా యుపాధ్యాయ మిత్రు డొకడు అడిగెను. మనకు రేవు లేకుండుట నిజము. కాని హైదరాబాదునుండి బందరునకు బోవు బాట సూర్యాపేట, కోదాడల మీదుగానే జగ్గయ్యపేటలో నింగ్లీషువారి కిస్ట్నా జిల్లా ప్రవేశించెడిది. మిర్యాలగూడెము తాలూకాకు వాడపల్లియొద్ద కృష్ణయే హద్దు. పడవ దాటినచో పలనాడు. ధాత కరవు 1876లో వచ్చి రెండేండ్లు దక్షిణదేశమును నమిలివేసెను. నిజాము రాజ్యమును దాని వాత బడినదే. దొర గడీలో వెట్టి చేయజాలక రాత్రికి రాత్రి ఊరు విడిచినవాడు హద్దుకు ఈవలనే యాగునా? ఆగక పోయి, దళారి చేతిలో బడి, చెన్నపట్టణపు డిపోలో ఊరుపే రడిగినప్పుడు, తాను విడిచివచ్చిన దొరకు జాడ తెలియునేమో యను భయముతో తుదిసారి కూలిచేసిన యింగ్లీషుసీమ గ్రామమును జెప్పియుండిన ఆశ్చర్యమేమి? ఆ దంపతుల కాగితములో కిస్ట్నా యని యున్నది. ఆ పేరుగల యూరు హద్దున కావల నొకటి, ఈవల నొకటి కలవు.

మఱియు నొక మాట. ఓడనెక్కినవానికి తండ్రిపేరుతో సహా ఒక వరుస మిగిలినది. వానితో గూడ వెట్టిచేసి ఊరిలోనే యుండిపోయిన అన్నకు ఏమి మిగిలినది? మా తహసీలు కచేరీలో సేత్వారు గలదు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ గలదు. వానిలో పట్టాదారుల పేర్లుండును. భూమిలేనివాడు ఏ సర్వే నంబరునకు నెక్కును? కాశీ, గయ, హరిద్వారములలోని పండాల పుస్తకములలో దక్షిణ యిచ్చుకొన్నవారి వంశములే కలవు. వెట్టిచాకిరిని 1976లో చట్టముచేత నిషేధించితిమి. చేసినవారి పేర్ల నెచ్చట వ్రాసితిమి?

పేర్లను నిలిపిన విద్య మనలో నుండకపోలేదు. పిచ్చుకగుంటలవారు ఏటేట వచ్చి, వాకిట నిలిచి, గోత్రము మొదలు ఇంటిపేరు వఱకు, తాతముత్తాతల పేర్లు తడబాటులేక చెప్పెడివారు. మాదిగవాడకు డక్కలివారు వచ్చి కులపురాణము విప్పెడివారు. మా చిన్నతనమున పిచ్చుకగుంటల వృద్ధు డొకడు మా తాతగారి వాకిట ఏడు తరముల పేర్లు చెప్పగా విని, ఎనిమిదవది యేమని మే మడిగితిమి. "దానికి వేఱే సంభావన బాబూ" అని నవ్వెను. వారిని మూఢాచారపు బిచ్చగాండ్రని తఱిమినది పల్లెటూరి మూఢులు కారు, మనమే. తఱిమి, ఇప్పుడు కంప్యూటరులో వంశవృక్షము గీయించి పటము గట్టించుకొనుచున్నాము. అట్టి పటము నొకదానిని ఇటీవల సూర్యాపేటలో నొక మిత్రుని యింట చూచితిమి. మొదటివాడు కాకతీయులయొద్ద దండనాయకుడట! నడుమ నైదువందల యేండ్లకు బలమైన కొమ్మ యొకటి గీసియున్నది. దానిపై నొక్క పేరును లేదు. చివరి రెమ్మపై అమెరికాలోని మనుమడు. ఈ చిత్రమునకు రుజు వడుగని మనము, తేది, ఓడ, సంఖ్య, మచ్చలతో సహా ఉన్న కాగితమును జూచి, "అదియంతయు నమ్మవచ్చునా?" అందుము.

సంస్కారులలోనే యొక వాదము గలదు. అది తేలికగా ద్రోసివేయదగినది కాదు. "కులము పోవలె ననుచు పూర్వుల వెదకులాట యేల? పుట్టుకను మఱచినగాని మనుష్యుడు సమానుడు కాడు. గతమును ద్రవ్విన కొలదిని కులమే బయటపడును" అని వారందురు. మేమును గొంతకాల మిట్లే తలచితిమి. కాని ఆ దంపతులు మమ్ము అడిగినది కులము కాదు. ఏ చెఱువు నీరు త్రాగెను, ఏ దారిని బోయెను, వెనుక నెవరిని విడిచెను, ఆ విడువబడినవారి సంతతి యున్నదా, ఇవి వా రడిగినవి. కులమును వెలికి దీసినది అడుగబడినవారు. మఱపు ఎవనికి లాభమో కూడ చూడవలెను. గెలిచినవాడు మఱవడు, శిలాశాసనము చెక్కించుకొనును. నలిగినవాడు మఱచిన, నలిపినవానికి నిద్ర బాగుగ బట్టును.

ఆడువారి వరుసల గూర్చి చెప్పక విడుచుట న్యాయము కాదు. నూర్గురు మగవారికి నలువది మంది స్త్రీలుండవలెనని నియమముండెడిది. ఆ లెక్క పూర్తి గాక ఓడ కదలదు గనుక దళారులు స్త్రీలకై సంతలు, సత్రములు, పుణ్యక్షేత్రములు గాలించెడివారు. చిట్టాలో గొందఱు ఫలానా సంఖ్యవాని భార్య యని యున్నారు. అనేకు లొంటరిగ నున్నారు. మనుమలు ఈ యొంటరి వరుసలయొద్దకు వచ్చి తడబడుదురు. సిగ్గుపడి కాగితము మడుచుదురు. సిగ్గుపడవలసినవారు వారా? రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపినది 1881 డిసెంబరులో. ట్రూరో బయలుదేరి అప్పటికి ఇరువదియొక్క యేండ్లు. తలగొఱిగించి వంటింట మూల గూర్చుండబెట్టిన యిల్లు ఎన్నిటినుండి, మగడు వెడలగొట్టిన గడప యెన్నిటినుండి ఆ యొంటరి స్త్రీలు రేవునకు నడిచిరో చిట్టాలో గడి లేదు. ఆ గడి మన యిండ్లలో నున్నది. "మా మేనత్త యొకతె చిన్నప్పుడే పోయినదట" అని చెప్పుకొను కుటుంబము లెన్ని లేవు? పోయిన దనగా చచ్చిపోయిన దనియే అర్థమా?

పోయినవారు తిరిగిరాలేదని మనము నిందింతుము. వచ్చినవారి గతి యేమైనది? గడువు తీరి, కూడబెట్టిన నాలుగు రూకలతో ఊరు జేరినవానిని సముద్రము దాటినాడని, ఎవరితోనో భుజించినాడని కులము వెలివేసి, ప్రాయశ్చిత్తమని, తప్పు విందని ఉన్నది ఊడ్చుకొన్నది. మరల ఓడ నెక్కినవారు గలరు; కలకత్తాలో మటియాబుర్జుయొద్ద ఊరికి బోలేక, ఓడ దొరకక మ్రగ్గినవారు వందలాదిగ గలరు. నేడు కోదాడనుండి, మిర్యాలగూడెమునుండి పిల్లలు అమెరికాకు బోయి వచ్చుచున్నారు. సముద్రయాన దోషమును గూర్చి ఏ పురోహితుడును నోరు విప్పుటలేదు. విమానము సముద్రమును తాకదు గదా యని కాబోలు!

ఇది యూరక మనస్సు తీరుటకు మాత్రమే చేయు వెదకులాట యనుకొందు రేమో. మన ప్రభుత్వము విదేశస్థులైన భారతసంతతివారికి ఇచ్చు ఓసీఐ చీటికి ముత్తాత ముత్తవ్వల వఱకు రుజువు చూపవలెను. 1860, 1870 ప్రాంతముల బోయినవారి సంతతి కీకాలమున ముత్తాత చాలడు. ఆయన అచ్చటనే పుట్టినవాడు. మారిషసు వారికొఱకు 2024లో ఏడవతరము వఱకు సడలించిరి. ఆ సడలింపునకు ఆధారము ఈ చిట్టాలే. రంగూనుకు బోయినవారి మాట తలచుకొన్న గుండె చెఱువగును. కోరంగి రేవునుబట్టి బర్మాలో తెలుగువారిని కోరంగీలనిరి. వారిది మేస్త్రీల చేతిక్రింది వలస, డెక్కుటిక్కెట్టు ప్రయాణము. మచ్చలు వ్రాసిన చిట్టా వారికి లేదు. 1930లో రంగూను రేవున జరిగిన అల్లరులలో చచ్చినవారెవరో, 1942లో అడవుల దారిని నడిచివచ్చుచు రాలిపోయినవారెవరో, ఏ యూరివారో, నేడు చెప్పగలవా రెవరు?

మన పాఠశాలలలో పిల్లలచేత అక్బరు కుమారుల పేర్లు వల్లెవేయింతుము. తమ అమ్మమ్మ తల్లిపేరు వ్రాయుడని మా తరగతిలో నొకసారి యడిగితిమి. నలువదిముగ్గురిలో నేడుగురు వ్రాసిరి. మరునాడు ఇంట నడిగి రమ్మంటిమి. ముప్పదియొక్కరు వ్రాసికొని వచ్చిరి. ఆ యొక్క రాత్రి ముప్పది యిండ్లలో ముసలివారి నోళ్లు కదలినవి. ఒక బాలుడు, "మా తాత తమ్ముడు ఓడెక్కిండట సారు, ఎటు పోయిండో ఎరుకలేదు" అని వ్రాసెను. గ్రామమునకొక పుస్తకము పెట్టి, పట్టా యున్నవారిని లేనివారిని గూడ, ఊరు విడిచినవారిని గూడ, ఆడువారిని వారి సొంతపేర్లతో, వ్రాయుట కెంత కర్చగును? గ్రంథాలయోద్యమము నడిపిన జాతికి ఇది భారమా? కులపు గడి అందులో నుండవలెనా యని అడుగువారికి మా యుత్తరము: గీయకుడు. దాని బదులు, ఎందుకు పోయెను అను గడి గీయుడు.

దంపతులు మరునాడు ముసలమ్మ చెప్పిన వాడకట్టునకు బోయిరి. అచ్చట గంట సేపు మాటలు నడచినవి, టీ వచ్చినది, ఒకరిద్దఱు కన్నీరు పెట్టుకొనిరి. కాని తండ్రిపేరు కలియలేదు. వారు నటాలునకు తిరిగిపోయిరి. నకలు మాయొద్ద విడిచిపోయిరి. ఆ పేరుగల రెండవ యూరు పూర్వపు కృష్ణా జిల్లా వైపున, జగ్గయ్యపేటకు కొంతదూరమున నున్నది. సంక్రాంతి సెలవులలో అచ్చటికి బోవుటకు నిశ్చయించుకొన్నాము. ఆ వైపు వృద్ధుల నెఱిగిన చదువరు లెవరైన నున్నచో పత్రికా కార్యాలయమునకు ఒక కార్డు వ్రాయుదురు గాక.